చివరి రౌండులో గాలి నింపుడు

మార్కరు అంటే

కాలేజీ మైదానంలో సున్నంతో గీతలు గీసేవాణ్ణి మార్కరు అంటారు. అనంతపురంలో ఒక కాలేజీలో నేను ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని చేశాను. మా జిల్లాలో వానలు ఎలాగూ పడవు, ఒకసారి గీసిన గీత ఏడాదంతా ఉంటుంది, నా అంత సుఖపడే ఉద్యోగి ఇంకొకడు లేడు అని ఆఫీసు గుమాస్తాలు అనేవాళ్ళు. పాపం, వాళ్ళెప్పుడూ ఆషాఢంలో మైదానం వైపు రాలేదు. పొద్దున గీసిన గీత మధ్యాహ్నానికి గాలికి లేచి కెమిస్ట్రీ ల్యాబు కిటికీలోంచి లోపలికి పోయేది.

నేను చదివింది ఏడో తరగతి. ఎనిమిదిలో చేరాను గానీ మాకు ఒకరి ముఖం ఒకరికి నచ్చలేదు. కాలేజీలో పనిచేస్తానని చెబితే కొత్తవాళ్ళు లెక్చరరు అనుకునేవాళ్ళు. నేను కాదనేవాణ్ణి కాదు.

గీతలు గీయడం జీతం ఇచ్చిన పని. అసలు పని పొద్దున ఐదున్నరకు మొదలయ్యేది. పోలీసు సెలక్షన్లకు పోయే ఆడపిల్లలూ మగపిల్లలూ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి మా మైదానానికి వచ్చేవాళ్ళు. వాళ్ళను పరిగెత్తించేది మా ఫిజికల్ డైరెక్టరు, అందరూ పీడీ సారు అనేవాళ్ళు. ఆయన పక్కన స్టాప్‌వాచీ పట్టుకుని నేను. పోనుపోనూ ఆయన కుర్చీలో కూర్చోవడం, నేను పరిగెత్తించడం అయింది. తొంభైల చివర్లో మొదలై రెండు వేలు దాటాక కూడా చాలా ఏళ్ళు ఇలాగే సాగింది.

ఇప్పుడు మండలానికో కోచింగు సెంటరు వచ్చింది. అందులో విజిలు మెడలో వేసుకుని కొత్తగా దిగే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి ఇందులో లేదు, ఎందుకంటే నాకు రాలేదు. ఒక తప్పు సంగతి ఉంది. దాన్ని ఇన్నేళ్ళుగా తిప్పితిప్పి చూస్తున్నాను గానీ, ఎంతవరకు తప్పో ఇప్పటికీ నాకు తేల్లేదు.

కాళ్ళా, గాలా

పీడీ సారు మంచివాడు, ఒక్క మాట మీద నిలబడే మనిషి. చిక్కేమిటంటే ఆయన దగ్గర ఉన్నదే ఒక్క మాట. ఎవరు వెనకబడినా, ఎవరు కూలబడినా, "కాళ్ళల్లో దమ్ము ల్యా. ఇంకా నాలుగు రౌండ్లు ఎయ్యి" అనేవాడు. ఒకసారి పంటినొప్పి అన్న పిల్లవాడి చేత కూడా నాలుగు రౌండ్లు వేయించాడు. నొప్పి పోయిందనే చెప్పాడు వాడు. ఐదో రౌండు భయం మరి.

నాకేమో కాళ్ళ మీద అనుమానం ఉండేది కాదు. వేరుశనగ చేలల్లో తిరిగిన కాళ్ళు, గొర్రెల వెంట తిరిగిన కాళ్ళు. అవి ఎందుకు ఆగుతాయి? చివర్లో గాలి చాలక ఆగుతాయి. అదీ నా సిద్ధాంతం.

మందు కూడా నేనే కనిపెట్టాను. మా వీధి కొళాయికి వారానికి ఒకసారి నీళ్ళు వచ్చేవి. ఆ రోజు మా అమ్మ బిందెలు, బక్కెట్లు, గుండిగలు, చివరికి చెంబులూ గ్లాసులూ కూడా నింపేది. నోరు తెరిచి నిలబడితే నన్నూ నింపుతుందని భయపడి పక్కకు తప్పుకునేవాణ్ణి. ఏదైనా అయిపోతుందని తెలిస్తే ముందే నింపి పెట్టుకోవాలి. అనంతపురంలో పెరిగినవాడికి ఇంకో ఆలోచన రాదు. పరుగు చివర్లో గాలి అయిపోతుంది కాబట్టి ముందే నింపుకోవాలి. ఇంత చిన్న సంగతి డిగ్రీ చదివిన పీడీ సారుకు తట్టలేదే అని లోలోపల పొంగిపోయాను.

నా పద్ధతికి పిల్లలే గాలి నింపుడు అని పేరు పెట్టారు. నేను ఎర్ర తువ్వాలు ఎత్తగానే ఇరవైసార్లు గబగబా, నిండా పీల్చి నిండా వదలాలి. పరుగు మొదలయ్యే ముందు ఒకసారి, చివరి రౌండు మొదట్లో పరిగెత్తుతూనే ఇంకోసారి. "అన్నా, వేళ్ళు జివ్వుమంటాండాయి, మూతి తిమ్మిరెక్కినాది" అని పిల్లలు అంటే, "అదే గుర్తు! గాలి వేళ్ళ దాకా నిండినాది" అని చెప్పేవాణ్ణి. ఎంత ధైర్యంగా చెప్పేవాణ్ణో తలచుకుంటే ఇప్పుడు నాకే తిమ్మిరెక్కుతుంది.

సెలెక్టయినవాళ్ళు స్వీటు తెచ్చి, నీ గాలి నింపుడే అన్నా అనేవాళ్ళు. కానివాళ్ళు మళ్ళీ వచ్చి ఏమీ చెప్పేవాళ్ళు కాదు. అందువల్ల నా చెవిలో పడినవన్నీ పొగడ్తలే. కొత్త కోచ్‌లూ, ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి.

ఓబులమ్మ పోగులు

నాగవేణి ధర్మవరం నుంచి వచ్చేది. మగ్గం నేసే ఇంటి కోడలు. మరమగ్గాలు వచ్చి చేతిమగ్గాలు మూలపడుతున్న రోజులవి. ఆ అమ్మాయికి కానిస్టేబులు పోస్టుకు వయసు అయిపోతోంది. ఈసారి సెలక్షన్లు దాటితే దాటినట్టు, లేకపోతే ఇంక దరఖాస్తు పెట్టడానికే వీల్లేదు.

ఆమె వెంట పొద్దున ప్యాసింజరులో అత్త కూడా వచ్చేది. ఓబులమ్మ. నేను జన్మలో చాలామంది అత్తలను చూశాను గానీ, కోడలిని పరిగెత్తించడానికి రైలెక్కి వచ్చిన అత్తను ఈమెనే చూశాను. గ్యాలరీ మెట్టు మీద టిఫిను డబ్బా పక్కన పెట్టుకుని కూర్చుని, మైదానమంతా వినబడేలా నన్ను తగులుకునేది.

"ఏమప్పా మార్కరూ, మా కోడలు పరిగెత్తతాండాదా, తిరునాళ్ళ చూస్తాండాదా?"

"నువ్వు గూడా దిగమ్మా, చూస్తాం."

"నేను దిగితే నీ గీతలన్నీ చెరిగిపోతాయి. మళ్ళా నీకే పని."

ఒకరోజు ఎందుకమ్మా ఇంత దూరం వస్తావని అడిగితే, "మా ఇంట్లో అందరమూ మగ్గం గుంతలోనే పుట్టినాము, గుంతలోనే ముసలోళ్ళు అయితాండాము. ఒక్కరన్నా బయటికి రావాల కదప్పా" అంది. ఆ ఒక్కసారి మాత్రం నన్ను ఎగతాళి చేయలేదు.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. కోడలు ఒక్కో రౌండు తిరిగినప్పుడల్లా పట్టుపోగుకు ఒక ముడి వేసేది. రెండున్నర కిలోమీటర్లంటే మా ట్రాకు మీద ఆరు రౌండ్లూ పైన పావు రౌండూ. ఆరు ముడులు పడగానే పోగు చుట్టి డబ్బాలో పెట్టుకునేది. నా స్టాప్‌వాచీ తప్పినా ఆ పోగు తప్పేది కాదు.

నాగవేణి బ్యాచిలోనే నల్లమాడ పిల్ల రెడ్డెమ్మ ఉండేది. నాయనది మెట్టసేద్యం. టౌనులో పిన్నమ్మ ఇంట్లో ఉండి వచ్చేది. నేను ఏ జోకు వేసినా ముందు నవ్వేది ఆ పిల్లే. నేను ఏం చెప్పినా ఎందుకని అడగకుండా చేసేది కూడా ఆ పిల్లే.

తలలో కరెంటు

సెలక్షన్లకు నెల ముందు, టైము చూద్దామని అందరినీ గట్టిగా పరిగెత్తించాము. నాగవేణి ముందు ఉంది. చివరి రౌండు మొదలవగానే నేను తువ్వాలు ఎత్తాను. ఇరవైసార్లు ఊదింది. మలుపు దాటింది. అక్కడి నుంచి ఆమె అడుగు గీత మీద లేదు. ముందుకు పోవాల్సిన మనిషి పక్కకు పోయి, వాలీబాలు నెట్టు స్తంభాన్ని పట్టుకోబోయి అందక పడిపోయింది.

పీడీ సారు కుర్చీలోంచే అరిచాడు. "కాళ్ళు! మగ్గం కాళ్ళు! నేను ముందే చెప్పినా. ఇసకలో పరిగెత్తించురా మార్కరూ."

నీళ్ళు చల్లితే లేచి కూర్చుంది. కాళ్ళు పట్టేసినాయా అని అడిగాను.

"కాళ్ళు బాగుండాయన్నా. తలలో కరెంటు పోయినట్లు అయినాది. కాళ్ళు పోతానే ఉండాయి, నేనే లేను."

ఇది పీడీ సారు లెక్కకూ అందలేదు, నా లెక్కకూ అందలేదు. నింపిన గాలి ఎక్కడికి పోయినట్టు? చాల్లేదేమో, ఇరవై కాదు ముప్పై చేద్దామని నోటిదాకా వచ్చింది. అంతలో ఓబులమ్మ డబ్బా తెచ్చి నా ముందు మూత తీసింది. లోపల ముడులు వేసిన పోగులు, కొన్ని ఎర్రవి, కొన్ని తెల్లవి.

"చూడప్పా. పిల్ల తూలిన దినం ఆ ముడులే ఎర్రపోగుకు వేసి పెడతా. బాగ పరిగెత్తిన దినం తెల్లపోగు. నువ్వు వేరే ఊరికి గీతలు గీయనీకి పోయిన దినాలుండాయే, అవన్నీ తెల్లవే."

"అంటే నా మొగం చూస్తే తూలుతాందా అమ్మా?"

"నీ మొగం చూస్తే నవ్వొస్తాది, తల తిరగదు. నువ్వు ఆ గుడ్డ ఎత్తి ఊదమంటాండావే, ఆ దినమే తూలుతాండాది."

అందరూ నవ్వారు. రెడ్డెమ్మ అందరికంటే ముందు నవ్వింది. నేనూ నవ్వేసి, పట్టుచీరకు సరిపడా పోగులున్నాయి, అంచు వేయించుకో అని మాట తప్పించాను. జవాబు లేనప్పుడు జోకు వేయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. బడిలో దెబ్బలు తప్పించుకోవడానికి నేర్చుకున్నాను. పనికొచ్చే విద్యే, కాకపోతే ఎక్కడ వాడకూడదో కూడా నేర్చుకుని ఉండాల్సింది.

పుట్టపర్తి టెంటులో

ఆ తర్వాత వారం పుట్టపర్తిలో ఒక బడివాళ్ళు ఆటలపోటీలకు ట్రాకు గీయమని పిలిచారు. అక్కడ ఫస్టెయిడు టెంటులో ఒక ముసలి డాక్టరు కూర్చుని ఉన్నాడు. బెంగుళూరులో రిటైరై, అక్కడి లాడ్జీలో ఉంటూ ఊరికే సేవ చేసే మనిషి. దెబ్బ తగిలిన పిల్లలు ఎవరూ రాక ఆయనకు పొద్దుపోవడం లేదు. నేను పోయి నాగవేణి సంగతి, తువ్వాలు సంగతి, పోగుల సంగతి అంతా చెప్పాను.

"ఈ గాలి నింపుడు నువ్వు ఎప్పుడన్నా చేసినావేనప్పా?" అన్నాడు ఆయన, కన్నడం కలిసిన తెలుగులో.

చేయలేదు. నిజంగా అప్పటివరకు నాకు ఆ ఆలోచనే రాలేదు. వందమందికి పోసిన మందు నేను ఒక్క చుక్క తాగలేదు.

ఆయన నా వేలికి ఒక క్లిప్పు తగిలించాడు. దాని మీద తొంభై ఎనిమిది అని ఎర్ర అంకె వెలిగింది. రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉందో అది చెబుతుందట. "ఇప్పుడు ఊదు" అన్నాడు. కుర్చీలో కూర్చునే ఇరవైసార్లు ఊదాను. ఇంకో పది ఊదమన్నాడు. మూతి తిమ్మిరెక్కింది. టెంటు గుంజ ఒకటి రెండైంది. ఆయన భుజం పట్టుకోకపోతే సున్నం బక్కెట్టులో పడేవాణ్ణి.

"వేలు చూడు."

తొంభై తొమ్మిది.

"సార్, వేలేమో నిండినాదంటాది, తలేమో ఖాళీ అంటాది. ఏది అబద్ధం?"

"రెండూ నిజమే. మామూలుగా ఊపిరి తీస్తేనే రక్తం ముందే నిండుగా ఉంటాది. నువ్వు ఊదినందుకు కొత్తగా ఎక్కినది ఏమీ లేదు. పోయింది మాత్రం ఉండాది, మనం బయటికి వదిలే చెడ్డగాలి. ఆ చెడ్డగాలి కొంచెం ఉంటేనే మెదడుకు రక్తం పోయే నాళాలు తెరుచుకుని ఉంటాయి. అదంతా ఊదేస్తే అవి ముడుచుకుంటాయి."

నాకు మా మామ చీనీ తోట, అదే బత్తాయి తోట, గుర్తొచ్చింది. ట్యాంకు నిండుగా ఉంటుంది, మోటారు బాగా తిరుగుతుంది, కానీ డ్రిప్పు వాల్వు మూసి ఉంటే చెట్టు ఎండిపోతుంది. ఆ మాటే చెప్పాను. ఆయన తొడ మీద చరిచి, అంతేనప్పా అన్నాడు.

"అట్లయితే చెడ్డగాలి మంచిదా సార్?"

"కొంచెం."

"ఎంత కొంచెం?"

"అది కొలవాల."

"దేంతో?"

"నీ దగ్గరా లేదు, ఈ టెంటులోనూ లేదు."

ఇంకో మాట కూడా చెప్పాడు. ఎవరూ ఊదమనకపోయినా, ప్రాణం పెట్టి పరిగెత్తేటప్పుడు చివర్లో ఊపిరి దానంతట అదే ఎగబడుతుందట. అప్పుడూ మెదడుకు అందే రక్తం కొంత తగ్గుతుందట. కాళ్ళు ఇంకా పోగలిగినా మెదడే బ్రేకు వేస్తుందని కొందరంటారు, కాదు కాళ్ళే అలిసిపోతాయని కొందరంటారు, ఇంకా తేలలేదు అన్నాడు. అంత చదివినవాళ్ళకే తేలలేదంటే, ఏడో తరగతివాడికి తేలాలంటే ఎలా? బస్సులో కూర్చుని బుక్కపట్నం దాటేదాకా చెడ్డగాలి మంచిది, మంచిగాలి చెడ్డది అని గొణుక్కుంటూ ఉంటే, పక్క సీటాయన లేచి వెనక సీటుకు పోయాడు.

ఎత్తిన చెయ్యి

చెబుదామా వద్దా అని నాన్చి నాన్చి, సెలక్షన్ల ముందు రోజు పొద్దున నాగవేణిని పక్కకు పిలిచాను.

"రేపు నా పక్క చూడొద్దమ్మా. ఊపిరి దాని దోవన దాన్ని రానీ."

"ఎందుకన్నా?"

"నాకూ బాగ తెలీదు. నువ్వు మాత్రం ఊదొద్దు."

ఓబులమ్మ వింటూ ఉంది.

మిగతావాళ్ళకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడు నాకు చాలా కారణాలు కనబడ్డాయి. నాకే సరిగ్గా అర్థం కాలేదు. నాగవేణి తల ఒక్కదానికే అలా జరుగుతుందేమో. ఆఖరి రోజు పద్ధతి మార్చితే పిల్లలు బెదిరిపోతారు. పీడీ సారు చేతికి నేనే కర్ర ఇచ్చినట్టు అవుతుంది. ఈ కారణాల్లో చివరిది మొదటిదని ఇప్పుడు తెలుసు.

సెలక్షను వేరే మైదానంలో. మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. కంచె బయట నేను, పక్కన ఓబులమ్మ. ఆడపిల్లల బ్యాచి నిలబడింది. నాగవేణి నోరు మూసుకుని నేల చూస్తోంది. నాలుగడుగుల అవతల రెడ్డెమ్మ, నేను నేర్పినట్టే, బుగ్గలు ఎగరేస్తూ ఊదుతోంది. నేను ఇంకా తువ్వాలు ఎత్తనే లేదు. ఆ పిల్లకు నా తువ్వాలుతో పనిలేనంత బాగా నేర్పాను.

ఐదు రౌండ్ల వరకు ఇద్దరూ బాగున్నారు. రెడ్డెమ్మ ఇంకా కొంచెం ముందే ఉంది. చివరి రౌండు మొదలయ్యేచోట ఆ పిల్ల కంచె వైపు తల తిప్పి నన్ను వెతికింది. నేను తువ్వాలు జేబులో పెట్టుకునే వచ్చాను. ఎత్తకపోతే అన్న మరిచిపోయినాడనుకుంటుందేమో, దిగులుపడి ఆగిపోతుందేమో అనుకున్నాను. అనుకోవడం పూర్తయ్యేలోపే చెయ్యి లేచింది. ఎర్ర తువ్వాలు కనబడగానే రెడ్డెమ్మ నవ్వి, ఊదడం మొదలుపెట్టింది.

అవతలి మలుపు దగ్గర ఆ పిల్ల, ఇంటి దోవ మరిచిపోయిన మనిషిలా నడవసాగింది. పడలేదు. ఊరికే నడిచింది. నాగవేణి దాటిపోయింది, ఇంకా నలుగురు దాటిపోయారు. గీత చేరేసరికి విజిలు మోగిపోయింది.

నాగవేణి టైములో వచ్చింది. కంచె దగ్గరికి వచ్చి పట్టుకుని నిలబడి, "లాస్టులో నాకూ చీకట్లు కమ్మినాయన్నా. కరెంటు పూర్తిగా పోలేదు గానీ, లో వోల్టేజి" అని నవ్వింది. ఊదకపోయినా చివర్లో కొంత తగ్గుతుందని డాక్టరు చెప్పిన రెండో ముక్క అదేనేమో. నేనూ నవ్వాలనుకున్నాను.

ఓబులమ్మ కోడలి తల నిమిరి, తెల్లపోగు చుట్టి డబ్బాలో పెట్టింది. తర్వాత కొంగులోంచి ఇంకో పోగు తీసింది. ఎర్రది. ఐదు ముడులు ఉన్నాయి, ఆరోది లేదు.

"ఇది మా కోడలిది కాదప్పా. ఆ నల్లమాడ పిల్లది. మా పిల్లకు చెప్పినావు సరే. ఆ పిల్లకు ఎందుకు చెప్పలేదు?"

"నాకే సరిగ్గా తెలీదమ్మా."

"తెలీనప్పుడు ఊదమని మాత్రం ఎట్ల చెప్పినావు?"

నా జన్మలో జోకు రాని సందర్భం అదే. పోగు నా చేతిలో పెట్టి, కోడలిని తీసుకుని స్టేషను వైపు పోయింది.

మరునాడు

రెడ్డెమ్మ ఎందుకు నడిచిందో నేను ఒట్టేసి చెప్పలేను. తువ్వాలు వల్లేనా? మొదటి ఐదు రౌండ్లు ఓపికకు మించి పరిగెత్తిందా? ఆ రోజు ఎండ కూడా ఎక్కువే. ఆ పిల్ల తలలో ఏం జరిగిందో కొలిచే యంత్రం ఆ కంచె దగ్గర లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. తెలియదని నేను అందరికీ చెప్పి ఉంటే, ఊదాలో వద్దో ఆ పిల్లే చూసుకునేది. నేను ఆ తెలియకపోవడాన్ని ఒక్కరికే చెప్పి, మిగతావాళ్ళకు తువ్వాలు చూపించాను.

మీరు కొత్తగా దిగుతున్నారు. మీ దగ్గరా ఏదో ఒక తువ్వాలు ఉంటుంది. దాన్ని ముందు మీ మీద చూసుకోండి. గ్యాలరీలో కూర్చుని ముడులు వేసే మనిషి ఎవరైనా ఉంటే, జోకు వేయకుండా పోయి పక్కన కూర్చోండి.

మరునాడు పొద్దున మగపిల్లల బ్యాచిని గీత దగ్గర నిలబెట్టాను. వాళ్ళ సెలక్షను ఇంకా రెండు రోజులుంది. పీడీ సారు కుర్చీలో ఉన్నాడు. "రేయ్, వినండి. గాలి నింపుడు ఇంక వద్దు. ఇన్నేళ్ళు నేను చెప్పింది తప్పు. ఎందుకు తప్పో అడగొద్దండి, నాకూ తెలీదు" అన్నాను.

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ వెంటనే ముప్పై మందీ గట్టిగా నవ్వారు. పీడీ సారు కూడా నవ్వాడు. నేను జోకు వేశాననుకున్నారు. నిజమేనని వాళ్ళను నమ్మించడానికి ఆ పొద్దంతా పట్టింది.

రెడ్డెమ్మ రాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ రాలేదు. ముందు నవ్వే పిల్ల లేకపోవడం వల్ల, ఆ ఒక్క క్షణం అంత పొడుగ్గా అనిపించింది.